కడియపులంక నుంచి బెజవాడ దాకా: టోల్ కట్టి వాడుకుంటున్న దారి గురించి

మాది కడియపులంక. మా నర్సరీ నుంచి లేచే మొక్కల లోడుల్లో సగం బెజవాడ వైపే వెళతాయి. నెలకు రెండు సార్లు నేను కూడా కారులో అదే దారిన వెళ్లి, అక్కడి దుకాణాల వాళ్ల దగ్గర బాకీలు వసూలు చేసుకుని, కొత్త ఆర్డర్లు రాసుకుని వస్తుంటాను. ఈ రాకపోకలు మొదలై ఇరవై ఏళ్లు దాటింది. డబ్బు పెట్టి కొన్న సరుకు మంచిచెడ్డలు కొన్నవాడు చెప్పడం న్యాయమే కనుక, టోల్ కట్టి వాడుకుంటున్న ఈ రహదారిని కూడా ఒక సేవగానే చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. దారి మొత్తం మీద బాగుంది. అయితే గేటు దగ్గర మనం ఇచ్చే రూపాయి ఎవరి చేతికి చేరుతున్నదో తెలియకపోతే, లోపం కనిపించిన రోజున ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఇన్నేళ్ల ప్రయాణంలో నాకు బాగా అర్థమైన సంగతి ఇదే.

నేను వాడేది పాత దారి. కడియపులంక దగ్గర ఎక్కి, జొన్నాడ వద్ద గోదావరి పాయ గౌతమిని దాటి, రావులపాలెం, ఈతకోట మీదుగా సిద్ధాంతం వద్ద ఇంకో పాయ వశిష్ఠను దాటి, తణుకు, తాడేపల్లిగూడెం, ఉంగుటూరు, గుండుగొలను, ఏలూరు మీదుగా బెజవాడ చేరతాం. చిన్నప్పటి నుంచి దీన్ని ఐదో నంబరు హైవే అనేవాళ్లం. 2010లో దేశమంతా నంబర్లు మార్చినప్పుడు ఇది పదహారో నంబరు అయింది. ఆ తర్వాత పదహారో నంబరును రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీదున్న గామన్ వంతెన మీదుగా కొవ్వూరు, దేవరపల్లి వైపు మళ్లించడంతో, గుండుగొలను వరకు మా దారికి 216-ఏ అనే నంబరు వచ్చింది. మా ఊళ్లో మాత్రం అందరూ ఇప్పటికీ హైవే అనే అంటారు.

రోడ్డు ఎలా ఉందో చెప్పడానికి మొక్కల వ్యాపారంలో ఒక కొలత ఉంది. ప్లాస్టిక్ కవరులో పెరిగిన మామిడి అంటుకు గానీ కొబ్బరి మొక్కకు గానీ ప్రాణమంతా వేళ్లు పట్టుకున్న మట్టిగడ్డలో ఉంటుంది. బండి ఎగిరిపడితే ఆ గడ్డ లోపలే విరుగుతుంది, సన్నటి వేళ్లు తెగిపోతాయి. దింపుకునేటప్పుడు మొక్క నవనవలాడుతూ కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నాలుగో రోజుకు ఆకు వాడుతుంది, అప్పుడు అవతలి వాళ్ల నుంచి ఫోను వస్తుంది. దారి రెండు వరుసలుగా ఉండి తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు ఊళ్ల మధ్య నుంచే పోయిన రోజుల్లో, రాత్రి బయలుదేరిన లారీ తెల్లవారాక గానీ బెజవాడ చేరేది కాదు. కవర్ల కింద రెండు మూడు వరసల ఎండుగడ్డి పరిచినా, లోడుకు కొన్ని పదుల మొక్కలు గడ్డ విరిగి పాడయ్యేవి. నాలుగు వరుసల దారి, ఊళ్ల పక్క నుంచి బైపాస్‌లు వచ్చాక అడుగున ఒక్క వరస గడ్డితో సరిపెడుతున్నాం. గడ్డ విరిగిందని డబ్బు కోసుకునే కొనుగోలుదారు ఏడాదికి ఒకరిద్దరికి మించి ఉండటం లేదు. ఈ దారికి నేనిచ్చే మార్కుల్లో ఎక్కువ భాగం ఇందుకే.

వంతెనలు, కల్వర్టుల దగ్గర మాత్రం ఈ మాట అంత నిబ్బరంగా చెప్పలేను. మన డెల్టాలో నేలంతా ఒండ్రు, నల్లమట్టి. ఆ నేల మీద ఎత్తుగా పోసిన రోడ్డు గట్టు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా దిగుతూనే ఉంటుంది. లోతైన పునాదుల మీద కట్టిన వంతెన మాత్రం దిగదు. ఈ రెండూ కలిసే చోట మెట్టు లాంటి ఎత్తు ఏర్పడుతుంది. రెండు మూడు కిలోమీటర్లకొక పంట కాలువో మురుగు కోడో అడ్డం వచ్చే ప్రాంతంలో ఇలాంటి చోట్లు ఎన్ని ఉంటాయో వేరే చెప్పనక్కర లేదు. వానలు వెనుకపట్టగానే తారు పోసి ఆ పల్లాన్ని సరిచేస్తే బండి తేలికగా దాటిపోతుంది. కొన్నిచోట్ల ప్రతి ఏడూ ఆ పని జరుగుతోంది, కొన్నిచోట్ల అతుకు మీద అతుకు పడుతోంది. మా మినీ లారీ నడిపే కుర్రాడికి అవన్నీ కంఠతా వచ్చు. "బాబాయ్, కాలవ వస్తోంది, కాస్త పట్టుకోండి" అని చెప్పి మరీ బ్రేకు మీద కాలు వేస్తాడు.

ఇక డబ్బు సంగతి. గేటు దగ్గర బోర్డు మీద కనిపించే అంకె ఎవరో అప్పటికప్పుడు అనుకుని పెట్టింది కాదు, 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నియమాల నుంచి వచ్చింది. నాలుగు వరుసలూ అంతకు మించిన దారుల మీద, 2007-08 సంవత్సరాన్ని ప్రాతిపదికగా తీసుకుని, కారుకు కిలోమీటరుకు 65 పైసలు, మా మినీ లారీ వంటి తేలికపాటి సరుకు బండికి 1 రూపాయి 5 పైసలు, బస్సుకూ రెండిరుసుల లారీకీ 2 రూపాయల 20 పైసలు అని నిర్ణయించారు. ఏటా ఏప్రిల్ 1న ఆ ధరకు 3 శాతం, దాంతోపాటు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలుపుతారు. ఒక గేటు కిందికి వచ్చే దారి ముక్క అరవై కిలోమీటర్లు అనుకుంటే, దానికి ఆ తొలి లెక్కన కారుకు 39 రూపాయలు, మినీ లారీకి 63, లారీకి 132 అవుతుంది. ఇప్పటి రేటు ఇంత ఎక్కువ ఎందుకుందంటే, ఏటేటా ఈ పెంపు పడుతూ వచ్చినందువల్ల.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా తగిలే నియమం ఇంకొకటి ఉంది. దాని గురించి మా చుట్టుపక్కల మాట్లాడుకునేవాళ్లు తక్కువ. పెద్ద వంతెన వంటి కట్టడం ఉంటే, దాని పొడవును రుసుము లెక్కలో పది రెట్లుగా తీసుకుంటారు. అరవై కిలోమీటర్ల ముక్కలో అయిదు కిలోమీటర్లు వంతెనలే ఉన్నాయనుకుంటే, 55కు 50 కలిపి 105 కిలోమీటర్లకు రుసుము కట్టాలి. 2025 జూలైలో ఈ నియమాన్ని సవరించి, ఇలా వచ్చిన పొడవు, మొత్తం పొడవుకు అయిదు రెట్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానికే వసూలు చేయాలన్నారు. వంతెనల మీద టోల్ సగానికి తగ్గిందన్న వార్త చదివి నేనూ సంతోషించి, కాగితం మీద లెక్క వేసి చూశాను. అయిదు రెట్లంటే 300 కిలోమీటర్లు, మన లెక్క 105, కాబట్టి మనకు పైసా తగ్గదు. ముక్కలో దాదాపు సగం వంతెనలే ఉన్నచోట తప్ప ఆ సవరణ అక్కరకు రాదు. నదీపాయల మధ్య బతికే మనం ఏరు దాటినందుకు ఎక్కువ కట్టే స్థితిలోనే ఉన్నాం.

నిజానికి ఏరు దాటడానికి డబ్బివ్వడం గోదావరి జిల్లాల వాళ్లకు కొత్త కాదు. రేవును ఏడాదికోసారి వేలం వేసేవాళ్లు, పాట పాడుకున్నవాడు పడవలు నడిపి మనిషికింత, బండికింత అని వసూలు చేసుకునేవాడు. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య వశిష్ఠ మీద మోటారు సైకిళ్లనూ కార్లనూ ఎక్కించుకుని దాటించే పంటు మనందరికీ తెలిసిందే. రేవు పాటలో ఒక మంచి ఉండేది. పంటు ఆలస్యమైతే, పలకలు పుచ్చిపోతే, పాటదారు ఒడ్డునే ఉండేవాడు కనుక మొహాన్నే అడగగలిగేవాళ్లం. హైవే కూడా ఒక రకంగా పెద్ద రేవు పాటే. కాకపోతే పాట పాడుకున్నవాడు మన కళ్లకు కనిపించడు, పైగా ముక్క ముక్కకూ పాట పద్ధతే వేరు.

ఆ పద్ధతులు తెలుసుకోవడానికి నాకు కొంత కాలం పట్టింది. 1995లో జాతీయ రహదారుల చట్టాన్ని సవరించి, ప్రైవేటు వాళ్లు పెట్టుబడి పెట్టి రోడ్డు వేసి రుసుము వసూలు చేసుకునే వీలు కల్పించారు. రాజమహేంద్రవరం, కొవ్వూరు మధ్య 2015లో రాకపోకలకు వచ్చిన గామన్ వంతెన ఈ పద్ధతికి మన ఇంటి ముందున్న ఉదాహరణ. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ వంతెనకు కట్టిన సంస్థ పేరే జనం నోట నిలిచిపోయింది. ఇలాంటి ఒప్పందంలో బండ్లు తగ్గితే నష్టం సంస్థది, పెరిగితే లాభం సంస్థది. అందువల్ల గేటు నడవడం మీద సంస్థకు ఎంతో శ్రద్ధ ఉంటుంది. ఆ శ్రద్ధ గేటుకు దూరంగా ఉన్న రోడ్డు మీద కూడా ఉందా లేదా అన్నది మనం చూసుకోవాలి.

రాజమహేంద్రవరం నుంచి ఉత్తరంగా, కాకినాడ జిల్లాలోని ధర్మవరం వైపు, అక్కడి నుంచి తుని వరకు నాలుగు వరుసలు వేసినప్పుడు వేరే పద్ధతి పాటించారు. ఈ పద్ధతిలో కట్టిన సంస్థకు టోల్‌తో సంబంధం ఉండదు, ప్రభుత్వం ఆరు నెలలకోసారి ముందుగా ఒప్పుకున్న మొత్తం చెల్లిస్తుంది. బండ్లు ఎన్ని తిరిగినా సంస్థకు వచ్చేది అంతే. గుండుగొలను నుంచి కొవ్వూరు వరకు వేసిన కొత్త దారిది మూడో పద్ధతి. ఖర్చులో 40 శాతాన్ని పని జరుగుతుండగా ప్రభుత్వం వాయిదాల్లో ఇస్తుంది, మిగతా 60 శాతాన్ని సంస్థ ముందు తెచ్చి పెట్టి, తర్వాత పదిహేనేళ్లలో వడ్డీతో సహా తిరిగి తీసుకుంటుంది. ఈ రెండు పద్ధతుల్లోనూ మనం గేటులో కట్టేది ప్రభుత్వం వైపే పోతుంది.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. ప్రభుత్వం తన డబ్బుతో ఎప్పుడో కట్టేసిన దారిని, ముప్పై ఏళ్ల వసూలు హక్కుతో కలిపి, ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని ప్రైవేటు సంస్థకు అప్పగించడం. 2018లో ఈ పద్ధతిలో జరిగిన తొలి పాటలో, మన రాష్ట్రంలోనూ గుజరాత్‌లోనూ ఉన్న తొమ్మిది ముక్కలను, అంటే సుమారు 680 కిలోమీటర్లను, ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ సంస్థ 9,681 కోట్ల రూపాయలకు పాడుకుంది. మన రాష్ట్రం వంతు ముక్కలు చెన్నై, కోల్‌కతా రహదారిలోనివే. ఆ డబ్బుతో ప్రభుత్వం ఇంకొక చోట రోడ్లు వేసుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే ముప్పై ఏళ్ల రాబడికి ముందే వెల కట్టినవాడు నిర్వహణ ఖర్చు తగ్గించుకునే వైపు మొగ్గకుండా చూడాలంటే ప్రభుత్వం తనిఖీలో పట్టు విడవకూడదు. పాట అయిపోయిందని పంచాయతీ రేవు వైపు చూడటం మానేస్తే పంటు ఏమవుతుందో మనకు తెలుసు.

ప్రైవేటు పెట్టుబడి అన్న మాట మాత్రాన పని జరిగిపోతుందని కూడా అనుకోకూడదు. విజయవాడ, గుండుగొలను మధ్య దారిని ఆరు వరుసలు చేసే ఒప్పందం మొదట టోల్ పద్ధతిలోనే కుదిరింది, 2016లో రద్దయింది. తర్వాత ఆ పనిని ముక్కలుగా విడదీసి చేయించవలసి వచ్చింది. ఆ మధ్య కాలమంతా హనుమాన్ జంక్షన్‌లో ఇరుక్కుపోయిన గంటలు, బండిలో వాడిపోయిన పూల మొక్కలు నాకు బాగా గుర్తు.

గేటు దగ్గర అనుభవం చెబుతాను. ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరిలో తప్పనిసరి అయ్యాక పరిస్థితి చాలా మెరుగైంది, పది సార్లలో తొమ్మిది సార్లు బండి నెమ్మదించడమే తప్ప ఆగడం ఉండదు. ఆ పదోసారి ఎలా ఉంటుందో నిరుటి వేసవిలో తెలిసింది. ఏ గేటో రాయను. మధ్యాహ్నం రెండు గంటల వేళ, మినీ లారీలో నేనూ మా డ్రైవరూ ఉన్నాం, వెనుక చామంతి నారు ఉంది. పైనున్న యంత్రం ట్యాగ్‌ను చదవలేదు. బండిని వెనక్కీ ముందుకూ రెండుసార్లు కదిపించాక, కిటికీలోని అబ్బాయి "స్కాన్ అవ్వట్లేదండి, క్యాష్ కట్టేయండి, డబుల్ పడుతుంది" అన్నాడు. ఇందాకటి గేటులో తీసుకుందనీ, బ్యాలెన్స్ ఉందనీ ఫోనులో చూపించాను. "మాకు తెలీదండి, మిషన్ అలాగే చూపిస్తోంది" అన్నాడు. చెల్లుబాటయ్యే ట్యాగ్, సరిపడా బ్యాలెన్స్ ఉండి, గేటులోని పరికరం పనిచేయకపోతే రుసుము లేకుండా వదిలి, సున్నా రూపాయల రసీదు ఇవ్వాలని 2018లోనే నియమం వచ్చింది. ఆ మాట నెమ్మదిగానే చెప్పాను. వెనుక హారన్లు మొదలయ్యాయి. కాసేపటికి సూపర్‌వైజర్ వచ్చి చేతి యంత్రంతో ట్యాగ్ చదివించి గేటు ఎత్తించాడు. అప్పటికి పన్నెండు నిమిషాలు గడిచాయి. ఒక్కో బండి పది సెకన్లకు మించి ఆగకూడదని 2021లో జాతీయ రహదారుల సంస్థ పెట్టుకున్న లక్ష్యం నాకు గుర్తుకొచ్చింది. నారు మీద కప్పిన తడి గోనెలు ఆ ఎండకు ఎండిపోయాయి, దిగి మళ్లీ నీళ్లు చల్లుకున్నాం.

పది కిలోమీటర్లు వెళ్లాక ఫోనుకు రెండు మెసేజ్‌లు వచ్చాయి, రెండుసార్లు డబ్బు తీసుకున్నారు. చేతి యంత్రం చదివింది ఒకటి, ఆలస్యంగా మేలుకున్న పై యంత్రం తీసుకుంది రెండోది. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకుని, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకు కూడా రాశాను. పదకొండో రోజున ఒకదాని డబ్బు తిరిగి వచ్చింది. వచ్చింది కనుక సంతోషమే. కానీ మెసేజ్‌లు చదవని డ్రైవర్ల బండ్లలో ఇలాంటివి ఎన్ని జారిపోతాయో అన్న బాధ నాకు పోలేదు. కిటికీలోని అబ్బాయి మీద నాకు కోపం లేదు. అతడు ఏజెన్సీ కింద పనిచేసే కుర్రాడు, నియమం అతడికి ఎవరూ చెప్పి ఉండరు. చెప్పవలసిన బాధ్యత వసూలు హక్కు తీసుకున్నవాళ్లది.

మరుగుదొడ్ల విషయంలో దారి పొడవునా ఒకే మాట చెప్పలేను. ఒకచోట నీళ్లు, శుభ్రత రెండూ ఉన్నాయి. ఒకచోట ఆడవాళ్ల వైపు తాళం వేసి ఉంది, తాళం చెవి కోసం మా ఆవిడ గేటు ఆఫీసు దాకా నడవవలసి వచ్చింది. వేల బండ్ల దగ్గర రుసుము తీసుకునే చోట ఇది ఎంతమాత్రం ఒప్పుకోదగిన విషయం కాదు. దీపాలు ఊళ్ల దగ్గర, కూడళ్ల దగ్గర వెలుగుతున్నాయి. సర్వీసు రోడ్డు వచ్చి ప్రధాన దారిలో కలిసే చోట్లలో కొన్ని మాత్రం చీకటిగానే ఉంటున్నాయి. గస్తీ బండి, అంబులెన్స్ విషయంలో మాత్రం నా అనుభవం మంచిదే. ఒక రాత్రి మా లారీ టైరు పగిలి రోడ్డు వారన ఆగితే, ఫోను చేసిన అరగంటలోపే గస్తీ వాళ్లు వచ్చి చుట్టూ ఎర్ర కోన్లు పెట్టి, టైరు మార్చేదాకా నిలబడ్డారు. ఆ రాత్రి కట్టిన టోల్ నాకు పూర్తిగా గిట్టింది.

ఎవరెవరికి ఈ దారి గిట్టుతుందో చెప్పాలంటే, సొంత కారున్నవాళ్లకు ఇప్పుడు ఇబ్బంది లేదు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో ఏడాది పాస్ మొదలుపెట్టారు, ఏడాది లేదా 200 దాటింపులు, ఏది ముందైతే అది. నా దారిలో ఈతకోట, ఉంగుటూరు, కలపర్రు, పొట్టిపాడు అని నాలుగు గేట్లు ఉన్నాయి, రానూ పోనూ ఎనిమిది. నెలకు రెండు ప్రయాణాల చొప్పున ఏడాదికి 192 అవుతాయి, అంటే పాస్ నాకు అచ్చంగా సరిపోయింది. ఆ 3,000 లెక్కన గేటుకు 15 రూపాయల పైచిలుకు పడింది. గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండే సొంత బండ్ల వాళ్లకు నెలవారీ స్థానిక పాస్ వేరే ఉంది, రోజూ అటూ ఇటూ తిరిగే రావులపాలెం, తణుకు వైపు వాళ్లు ముందు దాన్ని అడిగి చూసుకోవాలి.

సరుకు బండ్లకు ఏడాది పాస్ లేదు. ఇరవై నాలుగు గంటల్లో తిరిగి వస్తే రెండు వైపులకూ కలిపి ఒకటిన్నర రెట్లు తీసుకునే సౌకర్యం ఉంది, మా లారీ ఉదయం దింపుకుని సాయంత్రానికి బయలుదేరితేనే అది అందుతుంది. నెలకు 50 దాటింపుల పాస్ మూడో వంతు తగ్గింపుతో ఇస్తారు, ఒకటి రెండు బండ్లున్న మా వంటివాళ్లకు అన్ని ట్రిప్పులు కుదరవు. కలపర్రు, పొట్టిపాడు గేట్లు ఒకదానికొకటి అంత దగ్గరలో ఉండటం కూడా మాకు భారమే. సాధారణంగా రెండు గేట్ల మధ్య 60 కిలోమీటర్ల దూరం ఉండాలని ఆ 2008 నియమాల్లోనే రాసి ఉంది. పెట్రోలు, డీజిల్ మీద రహదారుల సెస్సు ఎలాగూ కడుతున్నాం. అందుచేత చిన్న సరుకు బండ్లకు కూడా కార్ల పాస్ వంటిది ఒకటి పెట్టాలని కోరుతున్నాను. ప్రతి గేటు దగ్గర రేట్ల పక్కనే, ఆ ముక్క ఏ పద్ధతిలో ఎవరి చేతిలో ఉందో, గడువు ఎప్పుడు తీరుతుందో అంతే పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయాలి.

విశాఖ వైపు నుంచి ఏలూరు, బెజవాడ వెళ్లేవాళ్లు, డెల్టాలో దిగే పని లేకపోతే, గామన్ వంతెన మీదుగా దేవరపల్లి దారి పట్టడం మంచిది. ఊళ్లు తక్కువ, మెట్ట నేల కనుక వంతెనల దగ్గర కుదుపులు కూడా తక్కువ. పాత దారిన రాత్రిపూట రావలసి వస్తే సార్వా (ఖరీఫ్) వరి కోతల నెలల్లో జాగ్రత్తగా రండి. కళ్లాలు లేని రైతులు తాడేపల్లిగూడెం, తణుకు మధ్య సర్వీసు రోడ్ల మీద, ఒక్కోచోట ప్రధాన దారి అంచున కూడా ధాన్యం ఆరబోస్తారు. రాశుల మీద నల్ల బరకాలు కప్పి, గాలికి లేవకుండా రాళ్లు పెడతారు. దీపాల వెలుగులో బరకం కనిపించదు, రాయి అసలే కనిపించదు. మా డ్రైవరు ఆ రోజుల్లో లోడు వేసుకుని సాయంత్రం నాలుగు గంటలకల్లా గుండుగొలను దాటేటట్టు బయలుదేరుతున్నాడు.